కోళ్లేం తింటయ్ బిడ్డా?

మొన్న ఒక కాలేజీ పిల్ల జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. చంకలో అట్టపెట్టె. నేను టేపు తీసి భుజం కొలుస్తుంటే పెట్టెలోంచి ఒకటే కిచకిచ. తెరిచి చూపించింది. రంగులద్దిన కోడిపిల్లలు, ఒకటి గులాబీ, ఒకటి ఆకుపచ్చ. జాతరలో కొన్నదట. "అక్కా, గివి ఏం తింటయ్? నీకేమన్న ఎరుకనా?" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పిల్ల బెదిరిపోయి "ఏమైందక్కా?" అంటే, "ఏం కాలే తియ్యి, చెయ్యి పైకెత్తు" అని కొలత తీసుకున్నాను. ఆ ప్రశ్న ఒక మనిషి నన్ను నెలల తరబడి అడిగాడు. పొద్దున లేస్తే అదే, మిషన్ తొక్కుతుంటే అదే, సంతకు పోతుంటే దారికి అడ్డం వచ్చి మరీ అదే. ఆ మనిషి పోయిన వానకాలంలో చనిపోయాడు. బతికుండగా విసుక్కునేదాన్ని. ఇప్పుడు అడిగేవాళ్లు లేక ఇల్లంతా బోసిగా ఉంది.

మాది చొప్పదండిలో పాత పెంకుటిల్లు. ముందు గదిలో నేనుంటాను, నా కొట్టూ అదే. నా కుట్టుమిషను, నా పొయ్యి, నా మంచం అన్నీ అందులోనే. వెనక గదిలో ఒక చాచీ ఉండేది. ఇద్దరికీ కలిపి ఒక పెరడు, పెరట్లో మునగచెట్టు, నీళ్ల పంపు, చాచీ కోళ్లు. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తాడు. చాచీ వాళ్లాయన ఉట్నూర్‌లో జీపు నడిపేవాడు, అడవి ఊళ్లకు మనుషుల్ని మోసే జీపు. మొగుళ్లుండీ ఒంటరిగా బతికే ఆడవాళ్లం ఇద్దరం. మా ఆయన ఎప్పుడో రెండేళ్లకోసారి విమానం దిగుతాడు, వాళ్లాయన నెలకో రెండు నెలలకో బస్సు దిగేవాడు. అంతే తేడా.

నేను చెప్పేది ఆ జీపాయన గురించి. చాచీ మొగుడు కనుక వీధి వీధంతా చాచా అనేది. అంతకు మించి ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు.

పొడుగు మనిషి. జీపు నడిపీ నడిపీ కుడి భుజం కిందికి వాలిపోయింది. కుర్చీలో కూర్చున్నా, గడప మీద కూర్చున్నా రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి ముందుకు చూసేవాడు, ఎదురుగా రోడ్డున్నట్టు. ఎక్కడి నుంచి లేచినా పోయే ముందు పక్కనున్న తలుపునో గోడనో అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. జీపు నిండిందంటే క్లీనర్ కొట్టే దెబ్బ అది. నా కొట్టు తలుపు మీద కూడా అట్లాగే తట్టి వెళ్లేవాడు. "నా తలుపేమన్న జీపా చాచా?" అంటే నవ్వేవాడు, మళ్లీ తట్టేవాడు.

చాచీ ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ కూలబడిపోయింది. నేనే ఎత్తి మంచం మీద వేశాను. ఆయన ఉట్నూర్ నుంచి వచ్చేసరికి ఇంకేం మిగల్లేదు. నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోతూ, ఆమె తమ్ముడు "మా ఇంటికి రా భాయ్, ఒక్కనివి ఏం జేస్తవ్?" అని బతిమాలాడు. ఈయన కదల్లేదు. అప్పటికే జీపు అమ్మేశాడు. పిల్లలు లేరు. "కోళ్లున్నయి గదా" అన్నాడు.

వాళ్లు పోయాక నాతో అన్నాడు: "ఆమెవి బిడ్డా గివి. ఆమె చేతితోటి సాదినవి. గివి గూడ సచ్చిపోతె ఇగ ఆమెది నా దగ్గరేమున్నది?"

అనడం బాగానే ఉంది. కానీ కోళ్లు ఏం తింటాయో ఆయనకు తెలియదు. జన్మలో కోడిని పళ్లెంలో తప్ప దగ్గరగా చూసిన మనిషి కాదు.

మర్నాడు పొద్దున నేను పంపు దగ్గరికి వెళ్దును కదా, స్టీలు పళ్లెంలో చాయ్ పోసి, అందులో పావురొట్టె ముక్కలు నానేసి, పక్కన మిర్చిబజ్జీలు పెట్టి కోళ్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏంది చాచా గిది?"

"నాష్తా."

"కోళ్లకు చాయ్ పోస్తరా ఎవలన్న?"

"ఎందుకు పొయ్యరు? పొద్దుగాల చాయ్ పడకుంటె ఎవలకైనా పానం లేస్తదా? జర శక్కర గూడ తక్కువనే ఏసిన."

"మరి మిర్చి?"

"అది హుషారుకు."

నేను నెత్తి కొట్టుకున్నాను. పుంజు వచ్చి ఒక పావు ముక్కను ముక్కున కరిచి, విదిలించి పారేసి, బజ్జీ మీద కాలు వేసి నడిచిపోయింది. ఆయన మొహం చిన్నబోయింది. "పసంద్ రాలే" అన్నాడు. పళ్లెం కడిగి బోర్లించి, "మరి కోళ్లేం తింటయ్ బిడ్డా?" అని అడిగాడు. అదే మొదలు.

నూకలు చల్లు, తవుడు నీళ్లతో తడిపి పెట్టు, ఉప్పూ కారం తగలనియ్యకు, నీళ్లు నీడన పెట్టు అని చెప్పాను. అన్నింటికీ తలూపాడు. సాయంత్రానికి మళ్లీ అడిగాడు. నన్నొక్కదాన్నే కాదు, పాలు పోసే ఆయన్నీ, మసీదు ముందు అత్తరు అమ్మే ఆయన్నీ, దారిన పోయే బడి పంతుల్నీ ఆపి ఆపి అడిగాడు. తలా ఒక మాట చెప్పారు. ఒకాయన కంపెనీ దాణా తెచ్చి పెట్టమన్నాడు, నెల తిరిగేసరికి బరువెక్కుతాయట. "బరువెందుకు? గివేమన్న కుస్తీకి పోతున్నయా?" అని ఆయన్ని కసిరి పంపించాడు.

చివరికి కోళ్లనే అడుగుదామని నిశ్చయించుకున్నాడు. స్టూలు తెచ్చి మునగచెట్టు కింద వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టి, పొద్దంతా అవి ఎటు పోతే అటే చూపు. వాటికి పేర్లు కూడా పెట్టాడు. అన్నింటికన్నా ముందు ఉరికే ఎర్రపెట్ట "ముంగట సీటు". ఎప్పుడు చూసినా పెంకుల మీదుండే నల్లది "టాపు మీద". అందరూ తిన్నాక మెల్లగా వచ్చే ముసలిపెట్ట "డోరు కాడ". సాయంత్రం నాకు రోజు రోజంతా అప్పజెప్పేవాడు. పొద్దున్నే పంపు దగ్గర బురద గీరి ఎర్రలు తిన్నాయి. ఎండెక్కాక గోంగూర ఆకుల కింద పురుగులు ఏరుకున్నాయి. లేత గరిక కొసలు తుంచాయి, ముదురుది ముట్టలేదు. ఎర్రచీమల జోలికి పోలేదు. "ముంగట సీటు" ఒక బల్లితోకను పట్టుకుని ఉరికితే మిగిలినవన్నీ వెంటపడ్డాయి.

ఒకరోజు మాత్రం పరేషాన్ అయిపోయి మిషన్ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "బిడ్డా, రాళ్లు తింటున్నయ్! పిచ్చి లేసినట్టున్నది!"

"పండ్లు లేవు గదా చాచా వాటికి. గా రాళ్లే కడుపుల తిండిని నూర్తయి."

ఆయన నమ్మనట్టు నా మొహం చూశాడు, వెళ్లిపోయాడు. మర్నాడు చూస్తే సన్న కంకర పిడికెడు తెచ్చి, పంపు కింద పెట్టి, బియ్యం కడిగినట్టు కడుగుతున్నాడు. "మురికివి ఎట్ల పెడ్తం?" అన్నాడు. నేనేమనగలను? ఇంకోరోజు గుడ్డు పెంకులు నలిపి నేను చల్లుతుంటే కోపం వచ్చింది ఆయనకు. "దాని గుడ్డు దానికే పెడ్తవా? పాపం గాదా?" అని నాతో మధ్యాహ్నందాకా మాట్లాడలేదు.

మా పక్కింట్లో గుడ్డ నేసే సాంచాలు నడుస్తాయి. పొద్దస్తమానం టకటక చప్పుడు, గాలి వీస్తే దారం పోగులన్నీ మా పెరట్లోనే పడతాయి. దారం కొస మట్టిలోంచి బయటికి కనిపిస్తే కోడికి అది ఎర్ర లాగే ఉంటుంది. అట్లా ఒక తెల్లపెట్ట మింగింది. మెడ కింద తిత్తి రాయిలా గట్టిపడిపోయింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తూ, మెల్లగా పిసుకుతూ, పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. బతకలేదు. కోసుకుంటాడేమో అనుకున్నాను, మునగచెట్టు మొదట్లో గుంట తవ్వి పూడ్చాడు. చేతులు కడుక్కుంటూ "ఆమెకు ఏం జవాబు చెప్పాలె?" అన్నాడు. ఎవరికి చెప్పాలో ఆమె లేదు కదా అని నేననలేదు.

అప్పటి నుంచి రోజూ తెల్లారగానే నడుం వంచి పెరడంతా దారాలు ఏరడమే. పెరడు అయ్యాక నా కొట్టులోకి వచ్చి మిషన్ కింద కూర్చుని నేను కత్తిరించి పడేసిన పోగులు ఒక్కొక్కటే ఏరి వేలికి చుట్టుకునేవాడు. జాకెట్లు తెచ్చిన ఆడవాళ్లు మిషన్ కింద గడ్డం మనిషిని చూసి ఉలిక్కిపడేవాళ్లు. "ఏం లేదమ్మా, మా చాచా" అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది.

తిండి సంగతి ఎట్లాగో కుదిరింది. కుదరనిది సాయంత్రం. పొద్దు వాలితే కోళ్లు గంప కిందికి రావాలి, అవి రావు. మునగచెట్టు ఎక్కి కూర్చుంటాయి. పిల్లి వచ్చి ఒకదాన్ని ఎత్తుకుపోయింది, కొన్నాళ్లకు ఇంకొకదాన్ని. నేను పిలుద్దామంటే వద్దన్నాడు, "నాకే అలవాటు గావాలె" అని.

ఒకరోజు అంచు కుడుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఆమె పిలిస్తె వచ్చేటియా బిడ్డా?"

"పిలుపు ఇంటే ఆగకపోయేటియి. ఉరికొచ్చేటియి."

"ఎట్ల పిలిచేది?"

నేను మిషన్ ఆపాను. "నీకెరుకలేదా చాచా?"

"నేనున్న దినం ఆమె నాకు చాయ్ పెట్టుకుంట, రొట్టె కాల్చుకుంట లోపట్నే ఉండేది. కోళ్లు గంపలకు ఎప్పుడు వోయినయో నేనేడ జూసిన? జర నువ్వు పిలువు, నేనింట."

లేచి పెరట్లోకి వెళ్లాను. రోజూ విన్న పిలుపే, అయినా నోరు తెరవడానికి సిగ్గేసింది. "ఆజావ్ ఆజావ్ ఆజావ్... బో బో బో... ఇంట్లకు రాండ్రి తల్లీ..." ఆ 'తల్లీ' దగ్గర చాచీ గొంతు సాగదీసేది, నేనూ అట్లాగే సాగదీశాను. చెట్టు మీది కోళ్లు మెడలెత్తాయి. వెనక్కి తిరిగి చూస్తే ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఇంకోపారి" అన్నాడు.

పిలిచాను.

"ఇంకోపారి."

"నాకు జాకెట్లున్నయ్ చాచా, పో" అని లోపలికి వచ్చేశాను. నిజానికి జాకెట్లేం తొందర లేదు. నా వల్ల కాలేదు, అంతే.

మర్నాడు ఆయనే పిలిచాడు. అమ్మో, ఏం చెప్పను! ఏళ్ల తరబడి జీపు అడ్డా మీద "ఉట్నూర్ ఉట్నూర్ ఉట్నూర్" అని అరిచిన గొంతు. అదే వరసలో "ఆజావ్ ఆజావ్ ఆజావ్!" అని అందుకునేసరికి కోళ్లు గోడ దూకి పక్క పెరట్లో పడ్డాయి. సాంచాలు నడిపే ఆయన బయటికొచ్చి, "జీపు ఎటు వోతది చాచా, నాకో సీటు ఆపు" అన్నాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆయనా నవ్వాడు. నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడి, "నోరు జీపుదే అయిపోయింది బిడ్డా" అన్నాడు.

అయినా మానలేదు. రోజూ సాయంత్రం గొంతు సన్నం చేసుకుని, మెత్తగా, ఆడమనిషిలా పిలిచేవాడు. వినడానికి ఎంత వింతగా ఉండేదో అంత దిగులుగానూ ఉండేది. కొన్నాళ్లకు కోళ్లు చెట్టు దిగి పంపు దాకా రావడం మొదలుపెట్టాయి. అక్కడ ఆగి మెడలు వంకర పెట్టి ఆయన్నే చూసేవి. ఆయన గదిలోకి పోయి తలుపేసుకుంటే గాని గంప కిందికి దూరేవి కాదు. కిటికీ సందులోంచి చూస్తూ ఉండేవాడు.

"పిలుపు ఎరుకే వాటికి. మనిషే కొత్త" అన్నాడొకసారి.

"మరి కొత్తోనివే గదా" అన్నాను. నా నోరు అటువంటిది.

"ఔను" అన్నాడు.

ఒక శుక్రవారం నమాజు చేసుకుని వచ్చి నా గడప మీద కూర్చున్నాడు. "ఒక మాట అడుగుత బిడ్డా."

"నూకలు, తవుడు, ఎర్రలు, గరిక" అన్నాను తల ఎత్తకుండానే.

"కోళ్లది గాదు. ఆమె ఏం తినేది?"

"ఎవలు, చాచీనా?"

"నేనొచ్చిననాడు బగారన్నం, కోడికూర. ఎప్పుడొచ్చినా గదే. తిని, మల్ల బస్సెక్కేటోన్ని. రోజు గట్లనే వండుకుంటదనుకున్న. ఇప్పుడు డబ్బలు సదురుతుంటె బియ్యం డబ్బ గింతంత ఉన్నది, మక్కరవ్వ డబ్బ గంత పెద్దగున్నది. గందుకే అడుగుతున్న."

ఏదో ఒకటి చెప్పి పంపిద్దామనుకున్నాను. మంచిగానే తినేది చాచా అంటే పోయేది. కానీ నా పొయ్యి మీద నా గిన్నె కనిపిస్తూనే ఉంది, అబద్ధం నోట్లోంచి రాలేదు.

"గట్క తినేది చాచా. మక్కగట్క, పచ్చిపులుసు. పొద్దుగాల ఉడకేస్తె పొద్దుమీకి గూడ గదే. ఒక్కదానికి ఏం వండుకుంటం బిడ్డా అనేది. నువ్వస్తున్నవని ఫోన్ చేస్తేనే కోడిని పట్టేది."

"పండుగకు గూడనా?"

"నువ్వచ్చిన పండుగకు కూర. రాని పండుగకు గట్క."

ఆయన చాలాసేపు మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు. "నాతోటి ఎన్నడు అనలే."

"ఎన్నడన్న అడిగినవా?"

లేచాడు. తలుపు తట్టాడు, రెండుసార్లు, ఎప్పటికన్నా మెల్లగా. వెళ్లిపోయాడు.

మర్నాడు వెనక గదిలోంచి మాడు వాసన. వెళ్లి చూస్తే గిన్నెలో మొక్కజొన్న రవ్వ ఉండలు ఉండలుగా ఉడుకుతోంది, ఆయన చెమటలు కక్కుతూ కలుపుతున్నాడు. "నేను చేస్తలే" అంటే గరిటె ఇవ్వలేదు. దించి, పళ్లెంలో పెట్టుకుని, లోపల ఉక్కగా ఉందని పెరటి గడప మీద కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆయన పిలవలేదు. పంపు దగ్గర నిలబడి నేను చూస్తూనే ఉన్నాను, నోరు మెదపలేదు. గోంగూర మడిలోంచి ఎర్రపెట్ట ఉరికొచ్చింది. పెంకుల మీంచి నల్లది రెక్కలు టపటపలాడిస్తూ దిగింది. ముసలిపెట్ట కూడా ఆగలేదు. అన్నీ ఆయన కాళ్ల మీదికి వచ్చేశాయి. ఒకటి పాదం ఎక్కింది, ఒకటి పళ్లెం అంచున పొడిచింది. ఆయన ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. చాచీ రోజూ ఆ గడప మీదే కూర్చుని తినేది. తనకో ముద్ద, కోళ్లకో ముద్ద. నేను రోజూ చూసేదాన్ని. నూకలు చెప్పాను, తవుడు చెప్పాను, రాళ్లు కూడా చెప్పాను. ఆమె పక్కన ఎవరూ లేక కోళ్లతో కలిసి అన్నం తినేదన్న సంగతి మాత్రం కోళ్ల తిండి లెక్కలోకి వస్తుందని నాకు తోచనే లేదు.

చెప్పాను. ఆయన విన్నాడు. పళ్లెంలోంచి ఒక ముద్ద తీసి, ఊది, చల్లార్చి కింద పెట్టాడు. కోళ్లు పొడుచుకు తిన్నాయి.

"గీటికి ఎరుకున్నది బిడ్డా" అన్నాడు. "ఆమె ఏం తినేదో గీ కోళ్లకు ఎరుకున్నది. నాకే ఎరుకలే." అని గట్టిగా ఏడ్చేశాడు. ఆమెను మట్టి చేసిన రోజు కూడా అంత ఏడవలేదు. ఏడుస్తూనే తనకో ముద్ద, వాటికో ముద్ద, పళ్లెం ఖాళీ అయ్యేదాకా.

ఆ తర్వాత పోయేదాకా ఆయన ఇంట్లో గట్కే. బియ్యం తెచ్చిచ్చినా ముట్టలేదు. కోళ్లు ఆయన చేతుల్లోంచే గంప కిందికి పోయేవి. ఆయన పోయాక చాచీ తమ్ముడు వచ్చి వాటిని వాళ్లింటికి తీసుకుపోయాడు. గట్క పెట్టమని మరీ మరీ చెప్పాను. సరే సరే అన్నాడు, పెడుతున్నాడో లేదో.

ఆయన మొదటిసారి గట్క వండిన ఆ రోజు మధ్యాహ్నం మస్కట్ నుంచి ఫోను వచ్చింది. మా ఆయన రోజూ అడిగేదే అడిగాడు. "తిన్నవా?"

రోజూ "ఆఁ, తిన్న" అంటాను. ఆ రోజు నోరు రాలేదు.

"ఏం తిన్ననో అడుగు" అన్నాను.

"ఏందే, ఏమైంది?"

"తిన్ననా అని గాదు. ఏం తిన్ననో అడుగు."

అవతల ఏవో బండ్ల చప్పుళ్లు. తర్వాత మెల్లగా, "ఏం తిన్నవ్?" అన్నాడు.

"రాత్రి అన్నంల నీళ్లు పోసుకున్న. ఉల్లిగడ్డ కొరుక్కున్న."

"నిన్న?"

"నిన్న గూడ గదే" అన్నాను.